పాత మండువా లోగిలి కూల్చేస్తున్నారు: ఏవి తీసుకోవాలి, ఎలా విప్పించాలి?

ప్రశ్న (హైదరాబాదు నుంచి)

అందరికీ నమస్కారం. కోనసీమలో మా తాతగారి నాటి మండువా లోగిలి (నడుమ ఆకాశం కనబడే వాకిలి, చుట్టూ గదులున్న పెంకుటిల్లు) ఉంది. పంపకాల్లో అది మా అన్నయ్య వాటాకి వచ్చింది. కప్పు రెండు చోట్ల కుంగింది, గోడలు నెర్రెలిచ్చాయి. ఇద్దరు మేస్త్రీలు చూసి బాగుచేయించినా నిలవదన్నారు. వచ్చే నెల కూల్చేస్తున్నారు. మండువా చుట్టూ 8 టేకు స్తంభాలు, వీధి గుమ్మం కాక 11 ద్వారబంధాలు, దూలాలు, బెంగుళూరు పెంకులు, నూతి చుట్టూ నాపరాళ్లు ఉన్నాయి. ఒక కాంట్రాక్టరు వచ్చి, ఇల్లు తనే కూల్చుకుని సామానంతా పట్టుకెళ్తానని, ఎదురు డబ్బు ఇస్తానని అన్నాడు. అన్నయ్య సరే అనేలా ఉన్నాడు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. నేనిక్కడ ఇల్లు కట్టుకోబోతున్నాను. వీటిలో నిజంగా పనికొచ్చేవేవి? చేతిలో మూడు వారాలే ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (రాజమండ్రి నుంచి)

అమ్మా, మాది మూడు తరాల వడ్రంగం. నాన్నగారితో కలిసి ఇలాంటి ఇళ్లు చాలా విప్పాం. ముందు అన్నయ్యగారికి చెప్పి ఆ కాంట్రాక్టరు దగ్గర అడ్వాన్సు తీసుకోకుండా ఆపండి. అడ్వాన్సు చేతులు మారితే ఇంట్లో సామాను తనదేనని అతను అనుకుంటాడు, తర్వాత ఒక్క తలుపు అడిగినా గొడవే. మీకు కావాల్సినవి ఏవో కాగితం మీద రాసి, అవి విప్పి పక్కన పెట్టాకే మిగిలింది అతనికి అప్పజెప్పండి.

ఇక ఏది పనికొస్తుందన్న సంగతి. దూలం నడుమ ఎంత బాగున్నా గోడలోకి దిగిన కొనలే చూడాలి. తేమ పట్టేది అక్కడే, చెద మొదలయ్యేదీ అక్కడే. ఒక స్క్రూడ్రైవరు తీసుకుని కొన దగ్గర గట్టిగా పొడవండి. మొన దిగకుండా ఆగిపోతే కర్ర గట్టిది. మెత్తగా దిగితే ఆ అడుగో అడుగున్నరో కోసి పారేసి మిగతాది వాడుకోవచ్చు. సుత్తితో కొట్టినప్పుడు ఖంగుమంటే మంచిది, డొల్ల చప్పుడొస్తే లోపల పుచ్చింది. సన్నటి బెజ్జాలుండి, వాటి కింద గోధుమపిండి లాంటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉందని అర్థం. ఆ ముక్కను మిగతా కర్రతో కలిపి పెట్టకండి.

కలప లెక్క తెలియక చాలామంది మోసపోతారు. 12 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం ఉన్న దూలం సరిగ్గా 4 ఘనపుటడుగులు. టేపు పట్టుకుని ఒక్కోదాన్నీ కొలిచి రాసుకోండి. మీ దగ్గర ఆ కాగితం ఉందని తెలిస్తేనే కొనేవాడు సరైన ధర చెబుతాడు.

విప్పే వరుస ఇదీ. మొదట కరెంటు కనెక్షన్ తీయించాలి. తర్వాత తలుపు రెక్కలు, కిటికీ రెక్కలు, గొళ్లాలు, గడియలు. ఆ తర్వాత పెంకులు. ఇవి వెన్ను (కప్పు నడినెత్తి) నుంచి చూరు వైపు రెండు వాలుల్లోనూ సమానంగా దింపుతూ రావాలి. ఒక వైపే ఖాళీ చేస్తే బరువంతా రెండో వైపు పడి, ముందే కుంగిన కప్పు కూలుతుంది. పెంకుల సందుల్లో తేళ్లుంటాయి, ఉత్త చేతులతో దింపనివ్వకండి. దింపిన పెంకుల్ని పడుకోబెట్టి పేరిస్తే అడుగువి పగిలిపోతాయి, అంచు మీద నిలబెట్టి పేర్చాలి. పెంకు వెనక్కి తిప్పితే ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది, చూడండి. మనం బెంగుళూరు పెంకులంటాం గానీ ఈ రకానికి అసలు పేరు తెచ్చింది మంగళూరే. అక్కడ బాసెల్ మిషన్ వాళ్లు 1865లో ఫ్యాక్టరీ పెట్టారు.

పెంకుల తర్వాత వాటి కింది సన్న బద్దలు (రీపర్లు), వాసాలు, దూలాలు, ఆఖర్న స్తంభాలు. కప్పు దిగాక గోడలకు పట్టు ఉండదు. ఆ రోజు నుంచి పిల్లల్ని ఆవరణలోకి రానివ్వొద్దు. ద్వారబంధాలకు తొందరపడకండి. పైన గోడ ఉండగా లాగితే బంధం చీలడమే కాదు, గోడ మనిషి మీద పడుతుంది. గోడ బంధం తల దాకా దిగాకే పక్క ఇటుకలు తీసి బయటికి తేవాలి.

స్తంభాలూ దూలాలూ ఆ కాలంలో మేకులతో కట్టినవి కావు, కుసి (ఒక కర్ర కొనను సన్నగా చెక్కి రెండోదాని బెజ్జంలో దూర్చేది) పెట్టి చెక్క చీల దిగ్గొట్టినవి. గునపం వేస్తే కుసి విరుగుతుంది. చీల ఏ వైపు సన్నగా ఉందో చూసి, ఆ వైపు నుంచి కొడితే వెనక్కి వస్తుంది. విప్పకముందే ప్రతి ముక్కకూ నంబరు రాయండి. సుద్దముక్కతో కాదు, ఎనామెల్ పెయింటుతో, కుసి పక్కన కనబడని చోట. ఈశాన్యం స్తంభం 1 అనుకుని వరుసగా వెళ్లండి, అదే నంబర్లతో ఇంటి బొమ్మ గీసుకోండి. నాన్నగారి చేతి కింద నేను విప్పిన మొదటి ఇంట్లో నంబర్లు వేయడం మరిచాను. నాలుగు మూలల స్తంభాలు చూడ్డానికి ఒకేలా ఉన్నా ఏ కుసి ఏ బెజ్జంలోనూ పట్టలేదు, చివరికి అన్నిటినీ మళ్లీ చెక్కాల్సి వచ్చింది. ఆ ఇంటివాళ్ల ముఖం ఇప్పటికీ గుర్తే.

జవాబు (హైదరాబాదు, సివిల్ ఇంజినీరు)

పై మాటలన్నీ అక్షరసత్యం. నేను కొత్త ఇంటి వైపు నుంచి చెబుతాను. ఆ స్తంభాల మీద స్లాబు బరువు పెట్టాలనుకోకండి. వరండాకో, నడుమ పెంకుల కప్పుకో వాడండి. కర్ర నేలను తాకకుండా కింద రాతి దిమ్మ తప్పకుండా పెట్టించండి.

ఇటుకలు గానుగ సున్నంతోనో మట్టితోనో కట్టినవైతే అదృష్టం. సున్నం ఇటుక కన్నా మెత్తన కాబట్టి తాపీ అంచుతో గీకితే ఊడొస్తుంది. సిమెంటుతో కట్టిన గోడలో ఇటుకే ముందు పగులుతుంది, వాటి మీద కూలి దండగ. నాణ్యత తెలియాలంటే బాగా ఎండిన ఇటుక తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. 3 కిలోల ఇటుక 3.6 కిలోలు దాటితే గోడకు వద్దు, తోటలో దారికి వేసుకోండి. మీద తెల్లగా ఉప్పు తేలేవి కూడా అంతే.

పాత తలుపుల రంగు గురించి జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పూతల్లో సీసం ఉందనే అనుకోవాలి. పొడిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దించకండి, మంటతో కాల్చి తీయించకండి. తడుపుతూ గీకించాలి, ఆ చెత్త విడిగా మూటకట్టాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు. పెరట్లో సిమెంటు రేకుల పాక ఉంటే ఆ రేకులు పగలగొట్టొద్దు. వాటిలో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. తడిపి, బోల్టులు విప్పి ముక్కలు కాకుండా దింపాలి.

కలప ఆంధ్రా నుంచి తెలంగాణకు రావాలి కదా. టేకు రవాణాకి అటవీ శాఖ నియమాలున్నాయి, ఆంధ్రాలో 1970 నుంచీ ఉన్నవే. లారీ మాట్లాడకముందే దగ్గర్లోని ఫారెస్టు రేంజి ఆఫీసుకి వెళ్లి, ఇంటి పన్ను రసీదు, విప్పకముందు తీసిన ఫొటోలు చూపించి ఏ పర్మిట్ కావాలో అడగండి. దారిలో ఆపితే ఆ ఫొటోలే అక్కరకొస్తాయి.

జవాబు (భీమవరం నుంచి)

అక్కా, ఒక్క మాట. మేమూ స్తంభాలు దింపించాం. ఎక్కడ పెట్టాలో ముందు అనుకోలేదు. పశువుల పాకలో మట్టి నేల మీద పేర్చి టార్పాలిన్ కప్పాం. రెండు వర్షాకాలాలు గడిచాక ఎత్తబోతే అడుగున మూడింటికి చెద పట్టేసింది. నేల నుంచి అడుగు ఎత్తున ఇటుకల మీద పెట్టి, మధ్యలో బద్దలు వేసి గాలి ఆడేలా పేర్చండి. టార్పాలిన్ పైన మాత్రమే, పక్కలు మూయకండి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు (పది రోజుల తర్వాత)

అందరికీ చేతులెత్తి నమస్కారం. మీరు చెప్పినట్టే స్క్రూడ్రైవరు పట్టుకుని ఊరెళ్లాను. 8 స్తంభాల్లో 6 గట్టిగా ఉన్నాయి. రెండింటి అడుగు భాగం పుచ్చిపోయింది. దూలాల్లో సగానికి కొనలు మెత్తబడ్డాయి. పెంకుల కింద ముద్రలు చూసి అన్నయ్యే మొదటిసారి కూర్చుని లెక్కపెట్టాడు. ద్వారబంధాల్లో నాలుగే ఉంచుకుంటున్నాం, మిగిలినవి కొలిచి, రాసి కాంట్రాక్టరుకే ఇస్తున్నాం. మొదట చెప్పిన ధర తనే పెంచాడు.

ఇంకొక్క సందేహం. వీధి గుమ్మం 5 అడుగుల 8 అంగుళాలే ఉంది. కొత్త ఇంట్లో 7 అడుగులు కావాలంటున్నారు. గడప మీద మా నాయనమ్మ ఏళ్ల తరబడి రాసిన పసుపు కర్రలోకి ఇంకి ఉంది. గోరుతో గీకినా రాదు. చిత్రిక పట్టిస్తే (పై పొర గీసి నునుపు చేయిస్తే) పోతుందేమోనని భయం.

జవాబు (రాజమండ్రి నుంచి)

పాత బంధాన్ని కోయించకండమ్మా. పైన అదే మందం కర్రతో గాలికిటికీ చేయించి ఎత్తు కలపండి. పాత దూలాల్లో మంచి ముక్క ఒకటి కోత మిల్లుకి పంపితే దానికి సరిపోతుంది. పంపేముందు అయస్కాంతం పెట్టి మేకులన్నీ పీకించండి, లేకపోతే రంపం పళ్లు పోతాయి, మిల్లువాడు ఒప్పుకోడు. నిలువు కర్రలకు చిత్రిక పట్టించుకోండి. గడపకు వద్దు. తడిగుడ్డతో తుడిచి, ఆరాక అవిసె నూనె పల్చగా రెండు పూతలు రాయండి. ఆ గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. విప్పి ఆరేయండి. పసుపు అలాగే ఉంటుంది.