ఈ కుక్క గ్లయోమా ఏ రకం?

పశువైద్య పాథాలజీ తెలిసినవారు కాస్త సాయం చేయగలరా? ఒక బాక్సర్ కుక్క మెదడులోని గ్లయోమా (నాడీకణాలకు ఆసరాగా ఉండే గ్లియల్ కణాల కణితి) ముక్కకు మూడు ప్రోటీన్ల పరీక్ష చేయించాం. వాటిలో మొదటిదైన ఓలిగ్2 దాదాపు ప్రతి కేంద్రకంలోనూ ముదురు గోధుమరంగు పట్టింది. అది గ్లయోమా ముఖ్య రకాలైన ఆస్ట్రోసైటోమా (ఆస్ట్రోసైట్లను పోలిన కణాలది), ఒలిగోడెండ్రోగ్లయోమా (మయలిన్ అల్లే ఒలిగోడెండ్రోసైట్లను పోలిన కణాలది) రెండింటిలోనూ కనిపించేదే కనుక రకం తేల్చదు. చిక్కంతా ఆస్ట్రోసైట్లను గుర్తించే జీఎఫ్ఏపీతోనే. కొమ్మలు చాచిన కణాలు కొన్ని, ఎక్కువగా రక్తనాళాల చుట్టూ, రంగు పట్టాయి. అవి కణితివా, లేక మధ్యలో ఇరుక్కుని ఉబ్బిన మామూలు ఆస్ట్రోసైట్లా? మీరు ఎలా విడదీస్తారు? ఒలిగోడెండ్రోసైట్లను గుర్తించే సీఎన్‌పేజ్ కూడా రంగు పట్టింది గానీ, పక్కనున్న మయలిన్‌కూ (నాడీ తంతువుల పైతొడుగు) అదే రంగు, నమ్మబుద్ధి కావడం లేదు. మామూలు స్లైడులో మాత్రం గుండ్రని కేంద్రకాలు, వాటి చుట్టూ తెల్లని వలయాలు, ఒలిగోడెండ్రోగ్లయోమాలో లాగే, స్పష్టంగా ఉన్నాయి. కుక్కల గ్లయోమాల 2018 వర్గీకరణలోని అనిర్దిష్ట గ్లయోమా (ఆ రెండు రకాల్లో ఏదో తేలనివి) గూట్లోకి తోసేయడం నాకిష్టం లేదు. ఆకారానికే పెద్దపీట వేయవచ్చా?