సింగపూర్‌లో ల్యాప్‌టాప్‌కి నెట్: రోమింగ్ ప్యాకా, ఈసిమ్మా?

గాజువాక టెక్: వైజాగ్ నుంచి వారం రోజుల ఆఫీసు పని మీద సింగపూర్ వెళ్లేవాళ్లకి రోమింగ్ ప్యాక్ (మన సిమ్‌నే విదేశంలో వాడుకునే ప్యాక్) చాలని ఈ గ్రూపులో తేల్చేస్తున్నారు. ఫోన్ వరకైతే సరే. ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ ఇస్తే ఆ డేటా ఏ మూలకి? గంట వీడియో మీటింగ్‌కే ఒక జీబీ దాకా లాగేస్తుంది. నా ఓటు ఈసిమ్‌కే, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్‌కి.

ఎంవీపీ కాలనీ: మరి బ్యాంకు ఓటీపీ సంగతేటండీ? ట్రావెల్ ఈసిమ్‌లు చాలావరకు డేటాకే, నంబరు ఉండదు.

గాజువాక టెక్: మన సిమ్ తీయక్కర్లేదు కదా గురూ, ఓటీపీ దానికే వస్తుంది. రెండూ ఆన్‌లోనే ఉంచి, మొబైల్ డేటా ఈసిమ్‌కి మార్చాలి. మన సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ బయల్దేరే ముందే యాక్టివేట్ చేయించుకోవాలి, డేటా రోమింగ్ మాత్రం ఆఫ్. ఈసిమ్‌కి డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి. చాలామంది తికమకపడేది ఇక్కడే: రెంటికీ ఆఫ్ చేసేసి ‘సిగ్నల్ ఉంది, నెట్ లేదు’ అంటారు. ఈసిమ్ ఎక్కించే క్యూఆర్ కోడ్ ఇంటి వైఫైలోనే స్కాన్ చేసేయండి. అక్కడ దిగాక చేద్దామంటే దానికీ నెట్ కావాలి.

రుషికొండ: ఒక్క పాయింటు వదిలేశారు. రోమింగ్‌లో డేటా మన ఆపరేటర్ దాకా వచ్చి వెళ్తుంది. కాస్త నెమ్మదే, కానీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మన చిరునామా) ఇండియాదే. ట్రావెల్ ఈసిమ్ ఒక్కోసారి మూడో దేశం మీదుగా తిప్పుతుంది. ఆఫీసు వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి భద్రంగా కలిపేది) కొత్త దేశమని ఆపేస్తే మీ చవక డేటా ఎందుకు? చైనాకైతే అక్కడి సిమ్‌లో గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు, మన రోమింగ్‌లో మామూలుగా పనిచేస్తాయి.

గాజువాక టెక్: చైనా మాట ఒప్పుకుంటా. సింగపూర్‌కి ఒప్పుకోను. వీపీఎన్ సంగతి ఆఫీసు ఐటీ వాళ్లకి ముందే చెప్పుకోవచ్చు.

ఎంవీపీ కాలనీ: ఏది తీసుకున్నా డేటా తినేసేది విండోసే. హాట్‌స్పాట్‌ని మామూలు వైఫై అనుకుని అప్‌డేట్లు దించేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్‌కి వెళ్లి ‘మీటర్డ్ కనెక్షన్’ (డేటా పొదుపుగా వాడమని చెప్పే సెట్టింగ్) ఆన్ చేస్తే చాలావరకు ఆగుతాయి, వన్‌డ్రైవ్ (ఫైళ్లని నెట్‌లో దాచేది) సింక్ కూడా. ఐఫోన్ హాట్‌స్పాట్ పాత ల్యాప్‌టాప్‌కి కనబడకపోతే ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో ‘మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ నొక్కండి, పాత ల్యాప్‌టాప్‌లు కూడా అందుకునే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మారుతుంది.

రుషికొండ: వైఫై ఎందుకు, కేబుల్‌తో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ మీదుగా ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) పెట్టుకోండి. ఫోన్ చార్జింగూ అవుతుంది. కాకపోతే చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లున్నాయి, వాటితో ల్యాప్‌టాప్ ఫోన్‌ని గుర్తించదు. ఈసిమ్ కొనేముందు ఆ ప్లాన్‌లో హాట్‌స్పాట్‌కి అనుమతి ఉందో లేదో కూడా చదవండి.