పాత నాపబండల మీద లామినేట్ – కింద ఏ ఫోమ్ వేయాలి?

ప్రశ్న: కడపలో ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్. గది 12 × 11 అడుగులు. బండలు పీకకుండా వాటిమీదే 8 మి.మీ. లామినేట్ (చెక్కపొడి నొక్కి చేసిన పలకల ఫ్లోరింగ్) వేయిస్తున్నాం. అంగడాయన 2 మి.మీ. తెల్ల ఫోమ్ చాలంటాడు. పనాయన మెత్తగా ఉంటుంది, 5 మి.మీ. వేద్దామంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: 5 వద్దే వద్దన్నా. కింద మెత్తగా ఉంటే అడుగేసినప్పుడల్లా పలక దిగి లేస్తుంది, ఆ ఊగులాట అంతా క్లిక్ నాలుక (పక్క పలకలోకి దూరి బిగుసుకునే అంచు) మీదే పడుతుంది. నాలుక విరిగితే సందు తెరుచుకుంటుంది, ఇల్లు తుడిచిన నీళ్లు అందులోకి దిగి అంచులు ఉబ్బుతాయి. 2–3 మి.మీ. చాలు. ఆ తెల్లది ఈపీఈ, అంటే మామూలు పాలిథిన్ ఫోమ్. చౌకే గానీ బీరువా కింద, నడిచే దారిలో అణిగి కాగితమైపోతుంది. అదే మందంలో ఐఎక్స్‌పీఈ (అంత తేలిగ్గా అణగని గట్టి రకం ఫోమ్) తీసుకోండి. బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి, గుంట వెంటనే పూడాలి. పలక అడుగునే ఫోమ్ అంటించి వచ్చిన రకమైతే ఇంకొకటి వేయకూడదు.

ఇంకొకరు: మందం తర్వాత, ముందు చెమ్మ చూడండి. పాత ఇళ్లలో బండల కింద ఉండేది మట్టీ ఇసుకే. చెమ్మ బండకన్నా సందుల్లోంచే ఎక్కువ లేస్తుంది. సందులు కలిసేచోట 2 అడుగుల పాలిథిన్ ముక్క పరిచి, నాలుగంచులా టేపేసి 24 గంటలుంచండి. అడుగున బొట్లు పట్టినా, సందు నల్లబడినా చెమ్మ ఉన్నట్టే. మే నెలలో చూసి మురిసిపోవద్దు, మన దగ్గర అసలు సంగతి నవంబరు వానలకు తెలుస్తుంది. అందుకే ఫలితం ఏదైనా గదంతా 200 మైక్రాన్ పాలిథిన్ షీటు వేయండి, అంగట్లో 800 గేజ్ అని అడగాలి. ముక్క మీద ముక్క 8 అంగుళాలు ఎక్కించి టేపేయాలి, గోడకు 2 అంగుళాలు పైకి లేపాలి. మీ గదికి 150 చదరపు అడుగులు పడుతుంది. ముందు షీటు పరిచి, దాని మీద ఫోమ్ వేయాలి. ఫోమ్ ముక్కలు మాత్రం అంచుకు అంచు ఆనాలి, ఎక్కకూడదు.

అడిగినవారు: బండలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఫోమ్ రెండు పొరలేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు, పై 5 మి.మీ. కథే మళ్లీ. 2 మీటర్ల అల్యూమినియం పట్టీ నేలమీద ఆనించండి. కింద 3 మి.మీ. డ్రిల్ బిట్ దూరిందంటే అక్కడ పని ఉంది. లేచిన అంచును గ్రైండర్‌తో దించాలి. పల్లాన్ని లెవెలింగ్ కాంపౌండ్‌తో (నేల సమం చేసే సిమెంటు మిశ్రమం) నింపాలి. నున్నటి బండకు అది పట్టదు, పొక్కులుగా ఊడుతుంది. ముందు గరుకు చేసి, దుమ్ము తీసి, ప్రైమర్ కొట్టాలి. తడితే డొల్లగా మోగే బండను లేపి మళ్లీ పరిపించండి. లామినేట్ వేసేటప్పుడు చుట్టూ గోడకు, తలుపు చట్రానికి కూడా 10 మి.మీ. ఖాళీ వదలండి. చెదలుంటే మందు ముందే కొట్టించాలి, ఫోమ్ వాటికి అడ్డం కాదు.