పాత పీఎఫ్ ఖాతాలు: తీసేసుకోవాలా, ఒకచోట కలపాలా?

పంటకాలువ:
అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే నా పాత పీఎఫ్ చీటీ దొరికింది. 2005 నుంచి 2009 దాకా భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో పనిచేశాను. తర్వాత తణుకు వైపు ఒక మిల్లులో మూడేళ్లు. ఇప్పుడు కాకినాడలో ఐదేళ్లు నిండాయి. నా వయసు 47. వేసవికి ఉద్యోగం మాని ఊళ్లో నాలుగెకరాల చెరువు కౌలుకు తీసుకుందామనుకుంటున్నాను. పాత రెండు ఖాతాల్లో ఉన్నది కొద్ది సొమ్మే, తీసేసుకోమని మా బావ అంటున్నాడు. అన్నీ కలపమని మా ఆవిడ పట్టుబడుతోంది. మీరేమంటారు?

లాకుల దగ్గర:
మీ బావగారి మాటే సరైనది. చెరువులో దిగేవాడి చేతిలో ముందు డబ్బుండాలి. మేతకు అప్పు తెస్తే నూటికి రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి 24 శాతం. పీఎఫ్‌పై 2024-25కు ఇచ్చింది 8.25 శాతం. అక్కడ దాచి ఇక్కడ అప్పు చేయడం ఏ లెక్కన లాభం?

కొబ్బరిమట్ట:
వడ్డీ లెక్క ఒప్పుకుంటాను. కానీ మీరు రెండు వేర్వేరు సొమ్ములను కలిపి చూస్తున్నారు. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం పింఛను నిధికి పోతుంది. అక్కడ సొమ్ము కన్నా సర్వీసు ఏళ్లే ముఖ్యం. పదేళ్లు నిండితేనే 58వ ఏట నెలనెలా పింఛను. నాలుగు, మూడు, ఐదు కలిస్తే 12. పాత రెండూ తీసేస్తే మిగిలేది ఐదు, పింఛనే ఉండదు. పింఛను లెక్కలోకి వచ్చే జీతం 15,000 అయితే, 12తో గుణించి 70తో భాగించండి. నెలకు మహా అయితే 2,571 రూపాయలు; 2014కు ముందటి సర్వీసుకు జీతం పరిమితి తక్కువ కాబట్టి మీకు కొంత తగ్గుతుంది. ఆ పింఛను వాటాను ఇప్పుడు తీసుకుంటే ఏడాది సర్వీసుకు ఇంచుమించు ఒక నెల జీతం, అదీ ఆనాటి జీతం.
26 ఏళ్లప్పుడు చెల్లి పెళ్లికని పింఛను వాటా తీసుకునే ఫారం 10సీ పెట్టి ఆరేళ్ల సర్వీసు చెరిపేసుకున్నాను. 58 నిండేసరికి నాకు తొమ్మిదేళ్లే ఉంటాయి. ఆ బాధ మరొకరికి వద్దు.

లాకుల దగ్గర:
2,571 కోసం పదకొండేళ్లు ఆగాలి. ధరలు పెరిగినా ఆ పింఛను పెరగదు. మా నాన్నగారికి వచ్చేది కనీస పింఛను 1,000 రూపాయలు. మందులకే చాలడం లేదు.

కొబ్బరిమట్ట:
చాలదు, నిజమే. ఆ వెయ్యిని పెంచి తీరాలి. అయినా ఆయన తర్వాత అమ్మగారికీ పింఛను వస్తుంది కదా. నేను చెప్పేది పీఎఫ్ సొమ్ము ముట్టుకోవద్దని కాదు. ముందు ఫారం 13తో పాతవి ఇప్పటి ఖాతాలోకి తెచ్చుకోండి. ఉద్యోగం మాని, నిబంధనల ప్రకారం ఆగాల్సిన గడువు తీరాక ఫారం 19తో పీఎఫ్ మొత్తం తీసుకుని చెరువులో పెట్టండి. సర్వీసు కలిసి ఐదేళ్లు దాటుతుంది కాబట్టి దానిపై పన్ను ఉండదు. పింఛను వాటాకు మాత్రం సొమ్ము బదులు స్కీమ్ సర్టిఫికెట్, అంటే మీ సర్వీసు ఏళ్లను ధ్రువీకరించే పత్రం అడగండి. ఏళ్లు భద్రంగా ఉంటాయి.

రేవుమెట్లు:
తమ్ముడు గారూ, కలపడం దాకా వెళ్లే ముందు ఆ చీటీపై సంస్థ పేరు చూడండి. నేను రొయ్యల షెడ్డులో చేసినప్పుడు మా ఖాతాలు ప్లాంటు పేరున లేవు, కాంట్రాక్టరు కోడు కింద ఉన్నాయి. ఏడాది పాటు తప్పు చోట వెతికాను. రెండోది, పేరు. మనవైపు పేర్లు పొడవు. ఆధార్‌లో వీర వెంకట సత్యనారాయణ, చీటీలో వి.వి.ఎస్. నారాయణ అని ఉంటే ఖాతా కలవదు. సంస్థ నడుస్తుంటే వివరాలు సరిదిద్దమని మీరూ వాళ్లూ సంతకం చేసిన ఉమ్మడి డిక్లరేషన్ ఇవ్వాలి. మూతపడి ఉంటే గెజిటెడ్ అధికారి సంతకం చేయించండి. 2014లో యూఏఎన్ (ఎన్ని ఉద్యోగాలు మారినా ఒకరికి ఒకే పీఎఫ్ నంబరు) రాకముందు ఖాతాలకు ఈ తిప్పలు తప్పవు.

లాకుల దగ్గర:
ఇంత తిరిగే ఓపిక ఉన్నవారికి సరే. ఆ సొమ్ము వస్తుందని నమ్మి ఇప్పుడే కౌలు బయానా ఇవ్వకండి, అంతే నా మాట.

పంటకాలువ:
బయానా ఇవ్వలేదండీ, ఆపుతాను. చీటీ చూశాను. అక్క గారు చెప్పినట్టే కాంట్రాక్టరు పేరే ఉంది, మా నాన్నగారి పేరులో ఒక అక్షరం తప్పు. ఆ కాంట్రాక్టరు పాలకొల్లులోనే ఉంటున్నాడట, రేపు ఉదయం వెళ్తాను. మిల్లు మూతపడింది కాబట్టి ఆ సంతకానికి మా మండల పశువైద్యాధికారి గారిని అడుగుతాను. సోమవారం ఆ కాగితాలతో రాజమహేంద్రవరం పీఎఫ్ కార్యాలయానికి.