రెండు సీన్ల ముఖానికి ప్రచారం పిలుపు వచ్చింది, పోవాలా వద్దా?

కాజీపేట పోరడు:
అన్నలూ అక్కలూ, పదేళ్ల నుంచి హన్మకొండలో నాటకాలు వేస్తున్నా. పోయినేడు ఒక సినిమాలో చాయ్ హోటల్ నడిపేవాడి వేషం దొరికింది, రెండే సీన్లు. అందులో ఒకటి పొద్దున ఆరింటికి మొదలై మధ్యాహ్నం దాకా సాగింది. మొదటి టేకులో గ్లాసు ఏ మాట మీద కింద పెట్టానో ప్రతిసారీ అదే మాట మీద పెట్టాలి, లేకుంటే ఎడిటింగ్‌లో అతకదు. పదకొండో టేకుకి చాయ్ చల్లారి మీగడ కట్టింది, నేనేమో ఊదుకుంటూ తాగాలి. నాటకంలో చివరి కుర్చీ దాకా వినబడాలని గొంతు పెంచడం అలవాటు కదా, డైరెక్టర్ వచ్చి "అన్నా, కెమెరా నీ పక్కనే ఉంది, ఎవరిని పిలుస్తున్నవ్?" అన్నాడు. సిగ్గేసింది కానీ ఆ రోజు నేర్చుకున్నంత ఎప్పుడూ నేర్చుకోలేదు.

సినిమా ఓటీటీలోకి వచ్చాక చౌరస్తాలో సెల్ఫీలు అడుగుతున్నారు. అంతవరకు బాగానే ఉంది. మొన్న ఒక నాయకుడి మనుషులు వచ్చి, ప్రచారం బండి మీద నిలబడి ఆ చాయ్ డైలాగులోనే ఆయన పేరు కలిపి చెప్పాలన్నారు, పైసలిస్తారట. ఆ పార్టీ మీద నాకు కోపం లేదు, ప్రేమా లేదు. రెండు నెలల కిరాయి బాకీ మాత్రం ఉంది. ఏం చేయమంటారు?

పాత టాకీసు:
తమ్మీ, మన హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో ఎవరి పేరు మీద కళాప్రాంగణం ఉందో చూశావు కదా. నేరెళ్ల వేణుమాధవ్ గారు మిమిక్రీతోనే పేరు తెచ్చుకుని, 1972లో పి.వి. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు శాసనమండలికి నామినేట్ అయ్యారు. పద్మశ్రీ 2001లో వచ్చింది. కళ చూసి పిలిస్తే పోవడం వేరు, బండెక్కి ఒకరి పేరు అరవడం వేరు. నేనైతే పోను.

జమ్మికుంట అక్క:
అందరూ వేణుమాధవ్‌లు కారు అన్నా, కిరాయి ఎవరు కడతారు? తమ్మీ, పనిగా చూడు, తప్పేం లేదు. కానీ సినిమా డైలాగు వాడుకోవడానికి నిర్మాత ఒప్పుకున్నాడో లేదో ముందు కనుక్కో, అది నీ సొంతం కాదు. సగం పైసలు ముందే తీసుకో. ఇంకోటి, ప్రచారానికి ఇచ్చే పైసలు అభ్యర్థి ఖర్చు లెక్కలో చూపించాలి కాబట్టి రసీదు అడుగు. రసీదు అనగానే వాళ్ల మొహం ఎట్ల మారుతుందో చూడు, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మానేరు ఒడ్డు:
జనం చూడ్డానికి వస్తారు, ఓటు మాత్రం తమ లెక్కన వేస్తారు. ఎన్టీఆర్ 1982లో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు, అదే ఎన్టీఆర్ 1989లో మన కల్వకుర్తిలో ఓడిపోయారు. చిరంజీవి 2008లో తిరుపతిలో ప్రజారాజ్యం పెడితే మా గల్లీ పోరగాళ్లు జీపు కట్టించుకుని పోయొచ్చి వారం రోజులు అదే ముచ్చట. తీరా 2009లో 294కి 18 సీట్లు, తిరుపతిలో గెలిచిన ఆయన పాలకొల్లులో ఓడారు, 2011లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. అయినా ఆయన మళ్లీ సినిమా తీస్తే టికెట్లు తెగాయి. పెద్ద హీరోకి సగం మంది దూరమైనా ఇంకో సగం మిగులుతారు. నీ నాటకానికి వచ్చేదెంతమంది, నూటయాభై? అందులో సగం రాకపోతే లైటింగ్ ఆయనకి కూడా పైసలు వెళ్లవు. పైగా వాళ్లంతా నిన్ను రోజూ చౌరస్తాలో చూసేవాళ్లే, ఆ రోజు బండి మీద ఎవరి పేరు చెప్పావో ఒక్కరూ మర్చిపోరు. నీకు నిజంగా నచ్చిన మనిషి అయితే పైసలు తీసుకోకుండా పో, అప్పుడు అడిగినోళ్లకి ఎదురుగా నిలబడి జవాబు చెప్పగలవు.

(సంబంధం లేదు కానీ, మూకీల కాలంలోనే బొంబాయి పోయి హీరో అయి, 1980 సంవత్సరానికి ఫాల్కే అవార్డు అందుకున్న పైడి జైరాజ్ పుట్టింది మా కరీంనగర్‌లోనే. ఇక్కడ పదిమందిని అడిగితే ఇద్దరు చెప్తారేమో.)

కాజీపేట పోరడు:
రసీదు అడిగాను అక్కా. "మాట్లాడి చెప్తాం" అన్నారు, మళ్లీ ఫోన్ లేదు. ఇంకో పోరడితో నా గొంతు మిమిక్రీ చేయిస్తున్నారు, నిన్న బండి మా గల్లీలోంచే పోయింది. బాగానే చేశాడు. గ్లాసు పెట్టే చోట ఆగాలని మాత్రం తెలియలేదు, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.