చదువు రానివాళ్లకి మహమ్మారి జాగ్రత్తలు ఎలా చెప్పాలి?

ప్రశ్న:
2021లో టీకాలు వేస్తున్నప్పుడు కూలీల గుడిసెల దగ్గర వాలంటీరుగా తిరిగాను. రంగురంగుల పోస్టర్లు ఇచ్చి పంపారు. ఒకదాంట్లో కరచాలనం బొమ్మ మీద ఎర్రగా ఇంటూ మార్కు. ఒక పెద్దావిడ దాన్ని చాలాసేపు చూసి, "ఇది ఆస్పత్రి గుర్తేగా బాబూ, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తారా?" అంది. నాకు నోట మాట రాలేదు. ప్లస్సుని కాస్త వంచితే ఇంటూ, అంతేగా తేడా! ఇరవై సెకన్లు చేతులు కడగమంటే ఇంకొకాయన రోజుకి గంటసేపే వచ్చే కుళాయి చూపించి "వంతు రావాలి కదా" అన్నాడు.

ఇప్పుడు మళ్లీ ప్రచార సామగ్రి తయారుచేసే పని నాకే అప్పగించారు. పోస్టర్ల మీద నమ్మకం పోయింది. ఏం చెయ్యమంటారు?

జవాబు 1:
తప్పు పోస్టర్ది కాదండీ, అచ్చుకిచ్చే ముందు ఎవరికీ చూపించకపోవడానిది. చేత్తో గీసి ఒక పదిమందికి చూపించండి. "అర్థమైందా?" అని మాత్రం అడక్కండి, మొహమాటానికి అందరూ అయిందనే అంటారు. "ఇందులో ఏం కనిపిస్తోంది?" అని అడిగి ఊరుకోండి. ఆ పెద్దావిడ మీకు చేసిపెట్టింది ఆ పనే. నీళ్ల సంగతంటారా, చిల్లు పెట్టిన డబ్బా వేలాడదీసి, తాడు కట్టి, కాలితో తొక్కితే వంగేలా చేస్తే కొద్ది నీళ్లతోనే సరిపోతుంది. అది చూపించకుండా కడుక్కోండి అంటే వెక్కిరించినట్టే.

జవాబు 2:
భయపెట్టకండి. 2014లో పశ్చిమ ఆఫ్రికా దేశాలు గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో ఎబోలా అనే ప్రాణాంతక అంటువ్యాధి వచ్చినప్పుడు మొదట్లో "దీనికి మందు లేదు" అని ఊదరగొట్టారు. అప్పటికి అబద్ధమేం కాదు, జనం నమ్మారు కూడా. మందే లేనప్పుడు ఆస్పత్రి దేనికని రోగుల్ని ఇళ్లలోనే పెట్టుకున్నారు, సేవ చేసినవాళ్లకీ అంటుకుంది. ఆ తర్వాత "తొందరగా వస్తే బతికే అవకాశం ఎక్కువ" అని మాట మార్చాల్సొచ్చింది. శవాల దగ్గరా అంతే. శవం నుంచీ అంటుకుంటుందని అయినవాళ్లని దగ్గరికి రానివ్వకపోతే గొడవలయ్యాయి. చివరికి కుటుంబం దూరంగా నిలబడి ప్రార్థన చేసుకునేలా పద్ధతి మార్చారు.

జవాబు 3:
టీకా వేయించుకుంటే ఏమీ కాదని చెప్పకండి. రాత్రికి జ్వరమొస్తే మర్నాటి నుంచి ఆ వీధిలో మీ మాట వినేవాళ్లుండరు. ఒకట్రెండు రోజులు ఒళ్లునొప్పులు, జ్వరం ఉండొచ్చని ముందే చెప్పి, సెలవుకి ముందు రోజు రమ్మనండి. రోజుకూలీకి జ్వరం కన్నా పని పోవడమే పెద్ద భయం.

ప్రశ్న అడిగినవారు:
"అర్థమైందా" అనే మాట నాకే తగిలింది, ఊరంతా అదే అడుగుతూ తిరిగాను. నిన్న ఇద్దరు మనుషుల మధ్య ఒక మంచం గీసి పట్టుకెళ్లా, అంత దూరంలో ఉండమని. ఏం కనిపిస్తోందని అడిగి నోరు కట్టేసుకున్నా. ముగ్గురు సరిగ్గానే చెప్పారు. నాలుగో ఆయన "రోగి ఎటు పోయాడు?" అన్నాడు.

మళ్లీ గీస్తున్నా.