ఉడకని మటన్, బలవంతపు సర్వీస్ చార్జీ: ఒకే ఫిర్యాదు చాలా?

అమ్మానాన్నల పెళ్లిరోజని హనుమకొండలో కొత్తగా తెరిచిన ఖరీదైన రెస్టారెంటుకు వెళ్లాం. రాత్రి 8 గంటలకు టేబుల్ బుక్ చేసుకుంటే 8.50కి కూర్చోబెట్టారు, భోజనం 9.45కి వచ్చింది. బిర్యానీలో అన్నం బాగానే ఉంది, కానీ మటన్ ముక్క ఎముక దగ్గర ఇంకా ఎర్రగానే ఉంది, నమిలితే రబ్బరులా సాగింది. నాన్న ఒక్క ముద్దతో ఆపేశారు. నాకు అన్నిటికన్నా అదే బాధ. మార్చమంటే అదే బిర్యానీని వేడిచేసి తెచ్చారు.

భోజనానికి రూ.6,400, దానిపై 10 శాతం సర్వీస్ చార్జీ రూ.640, రెండింటి మీదా 5 శాతం జీఎస్టీ రూ.352, మొత్తం రూ.7,392. సర్వీస్ చార్జీని అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఇదంతా చెప్పినా మేనేజర్ తీసేయలేదు. పెద్దవాళ్లు అలసిపోయారని కట్టి వచ్చేశాం.

యాజమాన్యానికి ఈమెయిల్ పంపితే జవాబు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే, ఇష్టపడే చెల్లించారని హోటల్ వారు చెప్పారంటూ మూసేశారు.

బిల్లు, యూపీఐ రసీదు, ప్లేటు ఫొటోలు ఉన్నాయి, మాంసం నమూనా మాత్రం లేదు. ఇక జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటున్నాను. ఇలాంటి కేసు వేసిన అనుభవం ఉన్నవారు చెప్పగలరా: రెండు అంశాలనూ ఒకే ఫిర్యాదులో పెట్టడం మంచిదా, రుజువు గట్టిగా ఉన్న సర్వీస్ చార్జీకే పరిమితం కావాలా?